తీర్థం, తోట, మ్యూజియం: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల ఒక్కరోజు కుటుంబయాత్ర - సామాజిక చరిత్ర పరిశీలన

వ్యాస సంగ్రహం

సెలవురోజున కుటుంబమంతా కలిసి మ్యూజియానికో తోటకో వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరడం నేడు మామూలు విషయం. ఈ అలవాటుకు కూడా ఒక చరిత్ర ఉంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న వేరుపడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఈ అలవాటు ఎలా రూపుదిద్దుకుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇక్కడి కుటుంబయాత్ర తీర్థయాత్రకు, వనభోజనానికి కొనసాగింపు అనీ, శ్రీశైలం జలాశయపు ముంపు దానికి మరొక అర్థాన్ని చేర్చిందనీ ప్రతిపాదిస్తుంది. ముంపు గ్రామాల నుంచి తరలివచ్చిన ఆలయాలు, శిల్పాలు చూసే కుటుంబాలకు ఆ వస్తువు పుట్టిన ఊరిని తెలియజెప్పడం మ్యూజియం మొదటి బాధ్యత అన్నది ఈ వ్యాస సారాంశం.

కీలక పదాలు: కుటుంబయాత్ర, వనభోజనం, ఆలంపురం మ్యూజియం, పిల్లలమర్రి, సంస్థానాలు, శ్రీశైలం ముంపు, సోమశిల.

1. ఉపోద్ఘాతం

సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తెలుగువారి చరిత్ర రచనకు కొత్త దారి చూపింది. రాజుల యుద్ధాల కంటే ప్రజల ఆహారం, వేషం, ఆటలు, వినోదాలు, ఆచారాలు చరిత్రకు ముఖ్యమైన సామగ్రి అని ఆ గ్రంథం నిరూపించింది. గ్రంథకర్త ఈ ప్రాంతపు బిడ్డ. 1896లో నేటి గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో జన్మించారు. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ గ్రంథానికి 1955లో, ఆయన మరణానంతరం, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఆ దృష్టితో చూస్తే సెలవునాటి కుటుంబయాత్ర కూడా సాంఘిక చరిత్రలో ఒక అధ్యాయమే. ఎక్కడికి వెళ్తారు, ఎవరెవరు కలిసి వెళ్తారు, అక్కడ ఏం చూస్తారు, పిల్లలకు ఏం చూపిస్తారు అన్న ప్రశ్నలకు ఒక సమాజం ఇచ్చే జవాబుల్లో దాని జ్ఞాపకాలు, విలువలు కనిపిస్తాయి. సంస్థానాల సాహిత్యంపైనా, ఆలంపుర శిల్పంపైనా విలువైన పరిశోధనలు వచ్చాయి. వాటిని చూడవచ్చే సామాన్య కుటుంబాన్ని చరిత్రలో పాత్రగా గుర్తించే ప్రయత్నం కూడా జరగాలి. ఆ దిశలో ఈ వ్యాసం ఒక చిన్న అడుగు.

2. తీర్థం, వనభోజనం, అజాయబ్‌ఘర్: పదాలు చెప్పే చరిత్ర

'తీర్థం' అంటే రేవు, పుణ్యజలం. తెలుగు పల్లెల్లో అదే మాటకు జాతర అన్న అర్థం కూడా స్థిరపడింది. 'తీర్థానికి పోయి వచ్చాం' అంటే స్నానం, దర్శనం, అంగడి, బంధువుల కలయిక అన్నీ అందులో చేరతాయి. దీపావళి తరువాత జరిగే కురుమూర్తి జాతరకు చుట్టుపక్కల జిల్లాల కుటుంబాలు తరతరాలుగా ఇలాగే వెళ్తున్నాయి. పిల్లలకు బొమ్మలు కొనడం, చెట్టు కింద వండుకొని తినడం ఆ యాత్రలో భాగాలు. భక్తికీ వినోదానికీ మధ్య అక్కడ గోడ లేదు.

తోటకు వెళ్లే అలవాటుకు మూలం కార్తిక మాసపు వనభోజనం. ఉసిరిచెట్టు ఉన్న తోటలో వంట చేసి, చెట్టును పూజించి, బంతిగా కూర్చొని తినడం దాని పద్ధతి. ఇంటి పనికి కట్టుబడి ఉండే స్త్రీలకు ఆరుబయట గడిపే ఒక పూట దొరికేది. వంట మాత్రం అక్కడ కూడా వారి చేతి మీదే నడిచిందన్న సంగతి మరువరాదు. ఈనాటి విహారయాత్రలో తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి డబ్బాల్లో సర్దే చేతులు ఎవరివో గమనిస్తే ఈ కొనసాగింపు ఇంకా స్పష్టమవుతుంది.

మ్యూజియం అన్న మాట ఈ నేలకు ఆలస్యంగా వచ్చింది. నిజాం రాజ్యంలో ఉర్దూ 'అజాయబ్‌ఘర్' వాడుకలో ఉండేది. వింతల ఇల్లు అని దాని అర్థం. మద్రాసులో సామాన్యులు మ్యూజియానికి 'సెత్త కాలేజ్', జంతు ప్రదర్శనశాలకు 'ఉయిర్ కాలేజ్' అని తమిళంలో పేర్లు పెట్టుకున్నారు. మొదటిది చచ్చిన వాటి కాలేజీ, రెండోది ప్రాణమున్న వాటి కాలేజీ. 1851లో ఏర్పడిన మద్రాసు మ్యూజియం ఆవరణలోనే 1855లో జంతు ప్రదర్శనశాల మొదలైంది. హైదరాబాదు మ్యూజియం 1930లో ఏర్పడింది 'బాగేఆం' అనే ప్రజల తోటలోనే. చెట్టునీడ కోసం, జంతువుల కోసం వచ్చిన కుటుంబం పక్కనే ఉన్న శిల్పాలను కూడా చూస్తుందన్న లెక్క ఈ కూర్పులో ఉంది. దక్షిణాదిలో తోట, మ్యూజియం జంటగా పెరగడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఈ జంట పాలమూరుకు కూడా వచ్చింది. దాని రూపమే పిల్లలమర్రి.

3. పదిహేను నెలల యాత్ర నుంచి ఒక్కరోజు యాత్రకు

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. శ్రీశైల దర్శనం చేసుకొని, కృష్ణ దాటి, వనపర్తి మీదుగా హైదరాబాదు వెళ్లారు. కుటుంబంతో, పెద్ద పరివారంతో సాగిన ఆ ప్రయాణాన్ని వర్ణించే 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. దారి, నీరు, బియ్యం ధరలు, దొంగల భయం, జమీందారుల తగాదాలు అన్నీ ఆయన దృష్టిలో పడ్డాయి. ఆనాడు ఇల్లు కదిలితే నెలల ప్రయాణం. కుటుంబంతో దారి నడవాలంటే కాపలా మనుషులు, వంటవారు, బోయీలు కావాలి. ఆ భారం మోయగలవారు కొద్దిమంది.

'ఒక్కరోజు యాత్ర' అనే భావన రైలు, బస్సు, తారురోడ్డు ఇచ్చిన కానుక. హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్లే నేటి 44వ జాతీయ రహదారి మీద ఆలంపురం చౌరస్తా దగ్గర దిగి లోపలికి వెళ్లే సౌకర్యం వచ్చాక ఆలంపురం మూడు జిల్లాలవారికీ ఒక పూట దూరమైంది. ఉదయం బయలుదేరి సాయంత్రం తిరిగి వచ్చే వీలు కలగడంతో ముసలివారు, చంటిపిల్లల తల్లులు, రోజుకూలీలు కూడా యాత్రికులయ్యారు. ఈ మార్పును కేవలం రవాణా సౌకర్యంగా చూడరాదు. పాత ఆలయాలను, శిల్పాలను చూసే అవకాశం మొదటిసారి ఇంతమందికి అందింది.

4. సంస్థానాల కోటలు: ప్రదర్శనశాలలు కాని రాజభవనాలు

గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు ఈ ప్రాంత చరిత్రకు పట్టుకొమ్మలు. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానాల్లో అవధానాలు చేసి పొందిన సత్కారాలు సాహిత్య విద్యార్థులకు సుపరిచితం. గద్వాలకు 'విద్వద్గద్వాల' అనే ప్రసిద్ధి ఉంది. జటప్రోలు ప్రభువైన సురభి మాధవరాయలు స్వయంగా 'చంద్రికా పరిణయం' రచించిన కవి. 1949లో హైదరాబాదు రాజ్యంలో జాగీర్దారీ రద్దయింది. సంస్థానాల అధికారం ముగిసింది. కోటలు, భవనాలు మిగిలాయి.

రాజస్థాన్‌లో చాలా రాజభవనాలు మ్యూజియాలయ్యాయి. హైదరాబాదులో సాలార్‌జంగ్ సేకరణలను 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ప్రజల కోసం తెరిచారు. పాలమూరు సంస్థానాలు వేరే దారి పట్టాయి. సోమనాద్రిగా ప్రసిద్ధుడైన పెద సోమభూపాలుడు కట్టించిన గద్వాల కోటలో చెన్నకేశవాలయంతో పాటు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట డిగ్రీ కళాశాల వెలిసింది. వనపర్తి రాజభవనం పాలిటెక్నిక్ కళాశాల అయింది. రాజు కూర్చున్న చోట రైతుబిడ్డ బల్ల వేసుకొని కూర్చున్నాడు. చదువుకు దూరమైన ప్రాంతానికి ఇది పెద్ద మేలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో లక్షలమంది కళాఖండాలు చూడగలిగారు. గద్వాల, వనపర్తుల్లో వేలమంది పట్టభద్రులు, ఇంజనీర్లు తయారయ్యారు. ఏది గొప్ప అని ఇక్కడ తూకం వేయనక్కరలేదు.

అయితే ఈ ఎంపికకు ఒక ఫలితం ఉంది. సంస్థాన జీవితాన్ని, అక్కడి నేతను, సంగీతాన్ని, అవధాన సభలను ఒకచోట చూపే ప్రదర్శనశాలగా ఆ భవనాలు మారలేదు. కోటకు వచ్చిన కుటుంబం బురుజులు చూస్తుంది, చెన్నకేశవుణ్ణి దర్శిస్తుంది, గద్వాల చీర కొనుక్కొని వెళ్తుంది. ఆ చీర నేసిన మగ్గం, దాన్ని ఆదరించిన సంస్థానం, ఆ సంస్థానంలో పుట్టిన కావ్యం ఒకే కథలో భాగాలని చెప్పే గది దొరకదు. ఆ కథ నేడు గ్రంథాల్లో ఉంది. 354 మంది తెలంగాణ కవులను లోకానికి చూపిన 'గోలకొండ కవుల సంచిక' (1934) ఒక విధంగా ఈ ప్రాంతానికి అక్షరాల మ్యూజియం.

5. ఆలంపురం: గుడి, కొలను, మ్యూజియం ఒకే ఆవరణలో

తుంగభద్ర ఎడమగట్టున ఉన్న ఆలంపురంలో బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలున్నాయి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, విశ్వ, కుమార, అర్క, వీర అనే పేర్లకు బ్రహ్మ శబ్దం చేరినా అన్నీ శివాలయాలే. ఇవి 7, 8 శతాబ్దాలకు చెందినవి. స్వర్గబ్రహ్మ ఆలయం వినయాదిత్యుని కాలపు నిర్మాణం. బాలబ్రహ్మేశ్వరుడికి నేటికీ నిత్యపూజ జరుగుతుంది.

ఈ ఆలయాల శిఖరాలు ఉత్తరాది నాగర పద్ధతిలో వంపు తిరిగి, పైన గాడులున్న గుండ్రని రాతితో ముగుస్తాయి. దాని పేరు ఆమలకం, అంటే ఉసిరికాయ. పిల్లలకు శిల్పశాస్త్రం చెప్పాలంటే ఇంతకంటే మంచి ఆరంభం ఉండదు. కార్తికంలో ఏ చెట్టు కింద భోజనం చేశామో ఆ చెట్టు కాయే గుడి నెత్తిన ఉందని చూపితే చాలు. శిల్పి తోటలోని కాయను రాతిలోకి తెచ్చాడు. తోటకూ మ్యూజియానికీ మధ్య ఉన్న సంబంధం ఇక్కడ ఒక్క పదంలో ఇమిడి ఉంది.

ప్రస్తుత జోగులాంబ ఆలయం 2005లో పునర్నిర్మితమైంది. పాత ఆలయం 14వ శతాబ్దంలో ధ్వంసమైందని స్థానిక సంప్రదాయం చెబుతుంది. ఆనాటి నుంచి అమ్మవారి విగ్రహాన్ని బాలబ్రహ్మేశ్వరాలయంలోనే కొలిచారు. కొత్త ఆలయం చుట్టూ నీటి కొలను ఏర్పాటు చేశారు. ఈ ఆలయాల పక్కనే 1952లో స్థాపితమైన పురావస్తు మ్యూజియం ఉంది. చాళుక్య కాలం నుంచి వచ్చిన శిల్పాలు, శాసనాలు ఇందులో ఉన్నాయి. వీటిలో లజ్జాగౌరి శిల్పం పండితలోకంలో ప్రసిద్ధం. తల స్థానంలో పద్మం, ప్రసవ భంగిమలో శరీరం ఉన్న ఈ మూర్తి సంతాన సమృద్ధికి, భూమి సారానికి సంకేతం.

దర్శనం ముగించిన కుటుంబం మ్యూజియంలోకి అడుగుపెట్టినప్పుడు ఒక సూక్ష్మమైన మార్పు జరుగుతుంది. గుడిలో చెప్పులు విడిచి, చేతులు జోడించి, ఒక్క మూర్తినే చూస్తారు. మ్యూజియంలో అదే దేవతను దూరంగా నిలబడి, పక్క విగ్రహంతో పోల్చి చూస్తారు. పసుపుకుంకుమలు లేని దేవతకు దండం పెట్టాలా వద్దా అని పెద్దలు సందేహిస్తారు. భక్తుడు పరిశీలకుడిగా మారే ఈ క్షణం చరిత్ర అధ్యయనానికి తొలిమెట్టు. కాశీయాత్ర కాలంలో ఈ రెండు చూపులకు రెండు చోట్లు లేవు. ఆలంపురంలో ఆ రెండూ కొన్ని అడుగుల దూరంలో ఉన్నాయి.

6. ముంపు: తరలివచ్చిన దేవుళ్లు, చెదిరిపోయిన ఊళ్లు

ఈ ప్రాంతపు మ్యూజియాలను, ఆలయాలను అర్థం చేసుకోవడానికి శ్రీశైలం ప్రాజెక్టు కీలకం. 1963లో శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టు జలాశయం 1980ల ఆరంభంలో నిండటం మొదలైంది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు మునిగాయి. సుమారు లక్ష మంది నిర్వాసితులయ్యారు.

ఇదే కృష్ణ మీద దీనికి పూర్వోదాహరణ ఉంది. నాగార్జునసాగర్ కోసం నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, దొరికిన అవశేషాలను కొండపైకి చేర్చారు. ఆ కొండ ద్వీపమైంది. ఆ ద్వీపం మీది మ్యూజియానికి లాంచీలో వెళ్లే యాత్ర రెండు తరాల తెలుగు విద్యార్థుల జ్ఞాపకం. అదే కాలంలో ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను కోసి ఎత్తుకు చేర్చారు. శ్రీశైలం ముంపులోని ఆలయాలను కూడా పురావస్తు శాఖ రాయి రాయికీ గుర్తులు వేసి, విప్పి, వేరేచోట తిరిగి కూర్చింది. కృష్ణా తుంగభద్రల కలయిక వద్ద కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయం, పాపనాశిలోని ఆలయాల సముదాయం ఈ విధంగానే ఆలంపురం పరిసరాల్లో కొత్త చోటు పొందాయి. నాగర్‌కర్నూల్ జిల్లాలో సోమశిల, జటప్రోలు ఆలయాలు కూడా ఇలాగే తరలినవి. ఆలంపురానికి రక్షణగా పెద్ద కట్ట కట్టారు. అయినా 2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర ఊళ్లోకి వచ్చింది.

ఆలయాన్ని విప్పి మళ్లీ కూర్చవచ్చు. ఊరిని అలా కూర్చడం సాధ్యం కాదు. ఇంటి ముందరి వేపచెట్టు, పొలం గట్టు, రచ్చబండ, పొరుగువారి పిలుపు ఏ పురావస్తు పట్టికలోనూ చేరవు. దేవుడికి ఒక చోట స్థలం దొరికింది. ఆ దేవుణ్ణి కొలిచిన కుటుంబాలు మాత్రం తలో దిక్కుకు వెళ్లాయి. కనుక సోమశిలకో సంగమేశ్వరానికో వచ్చే సందర్శకులందరూ ఒకే తరహావారు కారు. నగరం నుంచి వచ్చినవారు ప్రాచీన శిల్పాన్ని చూస్తారు. ముంపు గ్రామపు కుటుంబం తమ ఊరి గుడిని చూస్తుంది. మనుమడికి చూపించడానికి అవ్వకు ఆ ఊరిలో మిగిలిన ఆనవాలు అదొక్కటే.

సోమశిల ఎదుటి ఒడ్డున, సప్తనదీ సంగమంగా పేరొందిన చోట ఉన్న సంగమేశ్వరాలయం తరలిపోలేదు. జలాశయం తగ్గిన వేసవిలో అది నీటిలోంచి బయటపడుతుంది. కుటుంబాలు పడవల్లో వెళ్లి దర్శించుకుంటాయి. వానాకాలం రాగానే మళ్లీ మునుగుతుంది. తలుపులు తెరిచే వేళలు నది నిర్ణయించే మ్యూజియం అది.

ఈ నీటి మీది ప్రయాణాలకు విషాద స్మృతి కూడా ఉంది. 2007 జనవరిలో నెహ్రూనగర్ వైపు నుంచి మంచాలకట్టకు వస్తున్న పడవ మునిగి అరవై మందికి పైగా మరణించారు. సింగోటం జాతరకు బయలుదేరిన కుటుంబాలవి. జలాశయానికి ముందు నదికి ఇరువైపులా చుట్టరికాలు కలుపుకొని బతికిన ఊళ్ల మధ్య నీటి వెడల్పు ఎంతగా పెరిగిందో ఆ దుర్ఘటన తెలియజేసింది. ఇక్కడ కుటుంబయాత్రకు క్షేమమైన పడవ, రక్షణ కవచం, వంతెన సౌకర్యాలు మాత్రమే కావు, ప్రాణావసరాలు.

7. పిల్లలమర్రి: చెట్టే తోట, తోటలోనే మ్యూజియం

మహబూబ్‌నగర్ పట్టణానికి సమీపంలోని పిల్లలమర్రి మూడు జిల్లాల పిల్లలకూ పాఠశాల విహారయాత్రల్లో పరిచయమైన చోటు. సూర్యాపేట దగ్గర కాకతీయుల కాలపు ఆలయాలున్న పిల్లలమర్రి గ్రామం వేరు, ఇది వేరు. ఊడలు దిగి, ఒక్కొక్క ఊడ ఒక్కొక్క చెట్టుగా నిలిచి, తల్లిచెట్టు చుట్టూ పిల్లచెట్లు పెరగడం వల్ల దీనికి ఆ పేరు వచ్చింది. వయసు దాదాపు 700 ఏళ్లని ప్రతీతి. దాని నీడలో ఒక దర్గా ఉంది. ఆవరణలో జింకల వనం, పురావస్తు మ్యూజియం ఉన్నాయి. శ్రీశైలం ముంపు నుంచి తరలించిన రాజరాజేశ్వరాలయం కూడా ఇక్కడే ఉంది. గుడి, దర్గా, తోట, శిల్పం, జంతువు ఒకేచోట కలవడం వల్ల ఏ మతస్థులైనా, ఏ వయసువారైనా ఇక్కడ ఒక పూట గడపగలిగారు.

చూడవచ్చిన వారి ప్రేమే ఈ చెట్టుకు బరువైంది. కొమ్మలు పట్టుకొని ఊగడం, బెరడు మీద పేర్లు చెక్కడం, కాండం చుట్టూ కట్టడాలు పెరగడం దాన్ని బలహీనపరిచాయి. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. సందర్శకుల రాకను నిలిపివేశారు. చెదలు పట్టిన కాండంలోకి మందును ఆసుపత్రి సెలైన్ సీసాల పద్ధతిలో చుక్కచుక్కగా ఎక్కించారు. ఊడలు నేలను అందుకోవడానికి గొట్టాలు అమర్చారు. 2018లో ఈ చికిత్స ప్రపంచవ్యాప్తంగా వార్త అయింది. మ్యూజియంలోని రాయిని ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పే పెద్దలు బయటి చెట్టు కొమ్మకు పిల్లలను ఊపారు. రాయి పాతదని తెలుసు, చెట్టు కూడా పాతదేనని తోచలేదు. పురావస్తువు అన్న భావనను ప్రాణమున్న వాటికి విస్తరించవలసిన అవసరాన్ని పిల్లలమర్రి తెలుగువారికి నేర్పింది.

మరికొన్ని విహారస్థలాలు ఈ కోవలోకే వస్తాయి. వనపర్తి సమీపంలోని శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి ఆలయం, దాన్ని ఆనుకొని రంగసముద్రం చెరువు ఉన్నాయి. నాగర్‌కర్నూల్ పట్టణానికి కేసరిసముద్రం ఉంది. వరద రోజుల్లో జూరాల గేట్లు చూడడానికి, అక్కడే వేయించే చేపలు తినడానికి కుటుంబాలు తరలివస్తాయి. నీరు తక్కువైన ఈ నేలలో నీళ్లను చూడటమే ఒక ఉత్సవం.

8. పేరుపలక ప్రశ్న

ఈ పరిశీలన చివరకు ఒక చిన్న విషయం దగ్గర నిలుస్తుంది. శిల్పం కింద ఉండే పేరుపలక మీద ఏం రాయాలి? దేవత పేరు, రాజవంశం, శతాబ్దం పండితుడికి చాలు. కుటుంబానికి చాలవు. ఆ శిల్పం ఏ ఊరి నుంచి వచ్చింది, ఆ ఊరు ఇప్పుడు ఉందా, నీటి కింద ఉందా, ఎప్పుడు తరలింది, ఎవరు కొలిచేవారు అన్న వివరాలు సరళమైన తెలుగులో ఉంటే ఆ రాయి పలుకుతుంది. ముంపు గ్రామానికి చెందిన పిల్లవాడు ఆ పలకపై తన తాతగారి ఊరి పేరు చదవగలిగితే మ్యూజియం అతనిది అవుతుంది.

దీనికి కాలపరిమితి ఉంది. 1981లో ఇరవై ఏళ్లున్నవారు నేడు అరవై దాటారు. మునిగిన ఊరి వీధులను, జాతర తిథులను, గుడి మాన్యాలను చెప్పగలవారు తగ్గిపోతున్నారు. ఈ ప్రాంత కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు విద్యార్థుల చేత ముంపు గ్రామాల మౌఖిక చరిత్రను సేకరింపజేయవచ్చు. ఆ విద్యార్థుల్లో పలువురు నిర్వాసిత కుటుంబాల మూడో తరంవారే అయివుంటారు. ఇంట్లోని అవ్వ వారికి మొదటి ఆకరం. సేకరించినదాన్ని మ్యూజియాలకు అందిస్తే పేరుపలకలు, చిన్న పుస్తకాలు, పటాలు తయారవుతాయి. దీనికి పెద్ద ధనం అక్కరలేదు, శ్రద్ధ కావాలి.

9. ముగింపు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల కుటుంబయాత్రను పరిశీలించిన మీదట ఈ అంశాలు తేలుతున్నాయి.

1. ఇక్కడి మ్యూజియం సందర్శన పాశ్చాత్య పద్ధతిలో విడిగా పుట్టిన అలవాటు కాదు. తీర్థం, జాతర, వనభోజనం అనే పాత ఆచారాల ఒడిలో పెరిగింది.

2. సంస్థానాల భవనాలు విద్యాలయాలుగా మారి ప్రజలకు మేలు చేశాయి. సంస్థాన సంస్కృతిని చూపే ప్రదర్శనశాల మాత్రం లోటుగానే ఉంది.

3. ఆలంపురం, సోమశిల, పిల్లలమర్రి మూడింటినీ శ్రీశైలం ముంపు కలుపుతోంది. వీటిని విడివిడి పర్యాటక స్థలాలుగా కాక ఒకే చరిత్రకు చెందిన మూడు పుటలుగా చూపాలి.

4. పిల్లలమర్రి అనుభవం సజీవ వారసత్వ సంరక్షణకు సందర్శకుల బాధ్యత ఎంత అవసరమో తెలిపింది.

5. ముంపు గ్రామాల మౌఖిక చరిత్ర సేకరణ వెంటనే జరగవలసిన పని. మ్యూజియంలోని ప్రతి రాయికీ దాని ఊరి పేరు తిరిగి ఇవ్వడం ఆ పనికి ఆరంభం.